వంటింటికి వినైల్ ఫ్లోరింగ్: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో పాత ఇళ్ల వంటగదుల్లో ఎర్ర గచ్చో, మొజాయికో, నాపరాయో ఉంటుంది. అది పగుళ్లిచ్చి, నూనె మరకలు పట్టాక, తవ్వి తీయకుండా పైనే చెక్కలాగానో రాయిలాగానో కనిపించే వినైల్ వేయించుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. దుకాణంలోకి వెళ్లగానే డిజైన్ల పుస్తకం ముందు పెడతారు. కానీ ముందు తేల్చుకోవలసింది మీ వంటగది నేల సంగతి: చెమ్మ ఉందా, సమంగా ఉందా, రోజూ దాన్ని ఎలా వాడతారు. ఇవి తేలితే డిజైన్ ఎంచుకోవడానికి పూట పట్టదు. ఇవి తేల్చుకోకుండా వేస్తే ఎంత మంచి సరుకైనా లేచిపోతుంది.

వినైల్ అంటే బజారులో మీటర్ల లెక్కన అమ్మే ప్లాస్టిక్ కార్పెటేనా?

రెండూ పీవీసీతో చేసినవే, కానీ పనితనం వేరు. ఆ రోల్ చాలావరకు ఒక మిల్లీమీటరు కూడా మందం ఉండదు. అడుగున పలుచని ఫోమో, నారలాంటి గుడ్డో, మీద అచ్చు, దానిమీద సన్నని పొర. పొయ్యి ముందు, సింకు ముందు మనం నిలబడే రెండు చోట్లా ముందుగా బొమ్మ చెరిగిపోతుంది. అద్దె ఇంట్లో కొన్నాళ్లు సరిపెట్టుకోవడానికి అది చాలు. సొంత ఇంటికి చూడవలసినవి మూడు రకాలు.

మొదటిది ఎస్పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి గట్టిగా చేసిన పలక, 4 నుంచి 6 మి.మీ. మందం. ఒకదాని అంచు ఇంకోదానిలో ‘క్లిక్’ అని బిగుసుకుంటుంది. నేలకు జిగురు అక్కర్లేదు. రెండోది జిగురుతో అతికించే పలకలు, ఎల్వీటీ అంటారు, 2 నుంచి 3 మి.మీ. ఉంటాయి. మూడోది మందపాటి వినైల్ షీటు, సాధారణంగా 2 మీటర్ల వెడల్పు రోల్‌గా వస్తుంది. అతుకులను వేడితో కరిగించి కలిపేస్తారు. ఆసుపత్రుల్లో కనిపించేది ఈ రకమే.

వెనక కాగితం తీసి అంటించే స్టిక్కర్ పలకలను వంటింటికి మేం చెప్పం. తాలింపు నూనె ఆవిరి, తడిగుడ్డ, వేసవి వేడి, ఈ మూడింటికీ వాటి మూలలు లేస్తాయి.

మూడింటిలో మా వంటగదికి ఏది నప్పుతుంది?

కింది అంతస్తు, పాత ఇల్లు, పునాది నుంచి చెమ్మ ఎక్కే నేల అయితే ఎస్పీసీ. గోపాల్‌పూర్, ఛత్రపురం వంటి సముద్రం పక్క ఊళ్లలో మా మొదటి సలహా ఇదే. సిమెంటులోని క్షారం చెమ్మతో కలిసి పైకొస్తే జిగురు మెత్తబడుతుంది. కొన్నాళ్లకు అతుకుల దగ్గర అది బయటికి ఉబికి, మట్టి పట్టి నల్లటి గీతలవుతాయి. ఎస్పీసీకి జిగురే లేదు కనుక ఆ బాధ లేదు.

పై అంతస్తు, నేల బాగా ఆరి ఉంది, బరువైన గ్రైండరు, ఫ్రిజ్ అటూఇటూ జరుపుతారు అంటే 3 మి.మీ. జిగురు పలకలు మేలు. నేలకు అతుక్కుని ఉంటాయి కనుక కదలవు, నడిస్తే చప్పుడు రాదు.

రోజూ బకెట్టుతో నీళ్లు కొట్టి చీపురుతో తోసే అలవాటు మానలేం అంటే అతుకులు కరిగించి కలిపిన షీటు ఒక్కటే దారి. గోడ మీదికి నాలుగు అంగుళాలు మడిచి ఎక్కించాలి. ఆ పని చేతనైన మనిషి మీ ఊళ్లో దొరకకపోతే, టైల్సే వేయించుకోండి. చేతకాని చేత్తో వేసిన షీటు అతుకులోంచి నీళ్లు దిగితే ఆరే దారి ఉండదు.

ఎన్నేళ్లు మన్నుతుందో కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది?

మొత్తం మందం చూసి మోసపోకండి. ‘6 మి.మీ. అండీ, గట్టిది’ అంటారు. అందులో ఒకటి, ఒకటిన్నర మి.మీ. అడుగున అంటించిన ఫోమే కావచ్చు. అరుగుదలను తట్టుకునేది బొమ్మ మీద ఉండే పారదర్శకమైన పొర, దాన్ని వేర్ లేయర్ అంటారు. అది పోయిన రోజున పలక పని అయిపోయినట్టే, ఎందుకంటే కింద ఉన్నది ఉత్త అచ్చు. చెక్కలాగా గీకి మళ్లీ పాలిష్ పెట్టడం కుదరదు.

వంటగదికి 0.5 మి.మీ. వేర్ లేయర్ అడగండి. ఇద్దరే ఉండే ఇంటికి 0.3 కూడా నడుస్తుంది. కొన్ని పెట్టెల మీద మిల్ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కలో రాస్తారు: 12 మిల్ అంటే 0.3 మి.మీ., 20 మిల్ అంటే 0.5. దుకాణదారుడు నోటితో చెప్పిన మాట కాదు, పెట్టె మీదో కంపెనీ కాగితం మీదో ఆ అంకె కనిపించాలి. యూరప్ పద్ధతి ముద్రించిన పెట్టెల మీద 23 అని ఉంటే ఇళ్లలో ఎక్కువ వాడకానికి, 31 నుంచి 34 వరకు అంకెలు దుకాణాలు, ఆఫీసుల వాడకానికి. జారుడు విషయంలో ఆర్10 అని రాసి ఉన్నది వంటింటికి మంచిది, ఆర్9 తడిలో కాస్త జారుతుంది.

ప్లాస్టిక్‌లా కాకుండా అచ్చం చెక్కలా కనిపించాలంటే ఏం చూడాలి?

ఒక్క పలక చేతిలోకి తీసుకుని చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఒక పెట్టె విప్పించి, పది పలకలూ నేల మీద పక్కపక్కన పరిపించండి. ఒకే ముడి, ఒకే చార మూడు నాలుగు పలకల మీద కనిపించిందంటే వంటగదంతా అదే కంటికి గుచ్చుకుంటుంది. ‘ఈ డిజైన్‌లో వేరువేరు పలకలు ఎన్ని?’ అని అడగండి. ఎంత ఎక్కువైతే అంత సహజం.

తరవాత ఫోన్ టార్చి వెలిగించి, నేలకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పట్టండి. చెక్క చార ఎక్కడుందో గరుకు కూడా అక్కడే ఉంటే మంచి సరుకు. చార ఒక దిక్కు, గరుకు ఒక దిక్కు పోతుంటే మామూలు అచ్చు. అదే వెలుగులో మెరుపు కూడా తెలిసిపోతుంది. మెరిసే నేల ఎప్పటికీ చెక్కలా ఉండదు, మెరుపు లేని మాట్ రకమే తీసుకోండి.

పలక అంచుల్లో ఉండే చిన్న గాడి అతుకును సహజంగా చూపిస్తుంది. కానీ వంటింట్లో లోతు గాడి వద్దు, పిండి, నూనె జిడ్డు అందులో చేరి నల్లబడుతుంది. సన్నని గాడి, దానికీ రంగు వేసి ఉన్నది ఎంచుకోండి.

వేసే తీరు కూడా ముఖ్యం. పక్కపక్క వరసల అతుకులు కనీసం 20 సెం.మీ. ఎడంగా ఉండాలి, అదీ మెట్లలాగా ఒకే కొలతలో కాకుండా. పలకల పొడవు కిటికీ వెలుగు వచ్చే దిక్కుకు పెడితే అతుకులు అంతగా కనబడవు.

ఏ రంగు?

మధ్యస్థం. టేకు రంగు, లేత గోధుమ, బూడిద కలిసిన గోధుమ. కోరాపుట్, జయపురం వైపు ఎర్రమట్టి కాళ్లతో లోపలికి వస్తూనే ఉంటుంది, తెల్లటి నేల మీద పూటకోసారి తుడవాలి. ముదురు నలుపు మీద బియ్యప్పిండి, ఆరిన నీటి చుక్కలు ఎత్తి కనిపిస్తాయి. నమూనా ముక్కను ఇంటికి తెచ్చి, ఉదయం కిటికీ వెలుగులోనూ రాత్రి మీ ట్యూబులైటు కిందా చూశాకే ఖాయం చేయండి.

నేలలో చెమ్మ ఉందో లేదో ఎలా పరీక్షించాలి?

అడుగున్నర చదరం పారదర్శక పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఎండ పడని చోట కనీసం 16 గంటలు, వీలైతే రెండు రోజులు ఉంచండి. తీసి చూస్తే లోపల నీటి బొట్లున్నా, నేల రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. సింకు కింద, బయటి గోడ వారన, గది మధ్యలో, మూడు చోట్లా చేయాలి.

ఈ పరీక్ష ఏప్రిల్‌లో చేసి ‘పొడిగా ఉంది’ అనుకోవద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వానలు ముదిరాక నేల అసలు సంగతి చెబుతుంది. గోడ అడుగున ఉప్పు తేలి సున్నం రాలుతుంటే పరీక్ష కూడా అక్కర్లేదు. ముందు ఆ గోడ, పైపులు బాగుచేయించండి.

కొద్దిపాటి చెమ్మకు ఎస్పీసీ కింద 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరవాలి. ముక్కలు ఒకదానిమీద ఒకటి 20 సెం.మీ. ఎక్కేలా వేసి టేపు వేయాలి. ఇది చెమ్మను కిందే ఆపుతుంది తప్ప పోగొట్టదు.

కొత్తగా సిమెంటు గచ్చు పోయిస్తే అంగుళం మందానికి నెల చొప్పున ఆరనివ్వండి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తడి గచ్చు మీద జిగురు పలకలు వేయించిన చోట్లే బుడగలు ఎక్కువగా వస్తాయి.

పాత గచ్చు, టైల్స్ తీయకుండా పైనే వేయొచ్చా?

వేయొచ్చు, నేల సమంగా ఉంటే. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని నేల మీద నిలువుగా, అడ్డంగా, మూలకు మూలగా పెట్టి చూడండి. కింద 3 మి.మీ. మించి సందు ఉండకూడదు. పల్లం మీద పడిన క్లిక్ పలక అడుగు వేసిన ప్రతిసారీ కిందికి వంగి లేస్తుంది. అలా వంగి వంగి దాని పెదవి (పక్క పలకలో బిగుసుకునే అంచు) విరుగుతుంది, టక్కుటక్కు చప్పుడు మొదలవుతుంది, తరవాత అతుకు విచ్చుకుంటుంది. క్లిక్ నేలలు పాడవడానికి పెద్ద కారణం ఇదే, సరుకు లోపం కాదు.

కదిలే టైల్‌ను తీసి మళ్లీ బిగించాలి. టైల్స్ మధ్య సందులను నింపి సమం చేయాలి, లేకపోతే జిగురు పలకల మీద కొన్నాళ్లకు ఆ గీతలు పైకి తేలతాయి. పల్లాలకు ప్రైమర్ కొట్టి తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ సిమెంటు పోయాలి. మామూలు సిమెంటు, ఇసుకతో పలుచగా మెత్తితే పెళ్లలుగా లేస్తుంది. ఎర్ర గచ్చుకు ఏళ్ల తరబడి పట్టిన మైనం, నూనె ఉంటే బట్టల సోడా కలిపిన నీళ్లతో తోమి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

నీళ్లు పోవడానికి తూము వైపు వాలు ఉన్న నేల మీద కూడా వేయొచ్చు. వాలు అంతా ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో విరుపు ఉండకూడదు.

పాత క్వార్టర్లలో తొమ్మిది అంగుళాల గట్టి పలకలు ఉంటే వాటిని గీకడం, సానపట్టడం చేయవద్దు. ఆ కాలం పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే వీలుంది, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. కదలకుండా ఉంటే వాటి మీదనే కొత్తది వేయండి.

ఎంత సరుకు కావాలి?

10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు వంటగది అనుకుందాం. పొడుగు గోడ వెంట 2 అడుగుల లోతు గట్టు ఉంది. గట్టు కింద పాత నేలనే వదిలేయమని మా సలహా, కారణం కింద సిలిండర్ ప్రశ్నలో ఉంది. అంటే 10 × 6 = 60 చదరపు అడుగులు. కోతల్లో పోయేది 10 శాతం కలిపితే 66. పలక 7 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవైతే ఒక్కోటి 2.33 చదరపు అడుగులు, పెట్టెకు పది ఉంటే 23.3. మూడు పెట్టెలు 70 చదరపు అడుగులు వస్తాయి, సరిపోతాయి. నాలుగో పెట్టె కూడా అదే బ్యాచ్ నంబరుది కొని అటక మీద పడుకోబెట్టి ఉంచండి, గోడకు నిలబెడితే వంగిపోతాయి. రెండేళ్ల తరవాత అదే రంగు మళ్లీ దొరకదు.

వరసల లెక్క కూడా ముందే వేసుకోవాలి. పై కొలతలో 6 అడుగులంటే 72 అంగుళాలు. రెండు పక్కలా 8 మి.మీ. సందు వదిలితే 71.4 మిగులుతుంది. ఏడు చొప్పున పది వరసలు పోగా చివర 1.4 అంగుళాల పీలిక మిగులుతుంది, అది నిలవదు. అందుకని మొదటి వరసనే 4.2 అంగుళాలకు కోసి మొదలుపెట్టాలి. మధ్యలో తొమ్మిది నిండు వరసలు, చివర మళ్లీ 4.2. ఈ లెక్క మేస్త్రితో మొదటి పలక వేయకముందే కాగితం మీద వేయించండి.

ఎస్పీసీ వేసే పద్ధతి చెబుతారా?

పెట్టెలను విప్పకుండా అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి. లారీలో ఎండకు వేడెక్కిన పలక వెంటనే వేస్తే, చల్లబడి కుంచించుకుని సందులు ఇస్తుంది.

నేల ఊడ్చి, తుడిచి, పాలిథీన్ పరవాలి. పలక అడుగున ఫోమ్ ముందే అంటించి ఉంటే ఇంకో ఫోమ్ కింద వేయకండి. ‘మెత్తగా ఉంటుంది’ అని వేసే ఆ రెండో ఫోమ్ వల్లే క్లిక్కులు విరుగుతాయి.

గోడల వెంట, పైపుల చుట్టూ 6 నుంచి 8 మి.మీ. సందు వదలాలి. మధ్యలో చిన్న చెక్క ముక్కలు పెట్టుకుంటే సందు సమంగా వస్తుంది. పలకను కత్తితో రెండుసార్లు గీసి, మోకాలికి ఆనించి విరిస్తే తెగుతుంది. పెదవి మీద నేరుగా సుత్తితో కొట్టకూడదు, కొట్టుడు చెక్క అడ్డం పెట్టాలి. తలుపు చట్రం చుట్టూ పలక కోయడం కన్నా చట్రం అడుగునే రంపంతో 6 మి.మీ. కోసి పలకను కిందికి దూర్చడం మేలు.

చివర స్కర్టింగును (గోడ అడుగున వేసే పట్టీ) గోడకు బిగించాలి, నేలకు కాదు. సింకు వైపు, తలుపు వైపు ఆ సందులో సాగే సిలికాన్ నింపాలి. సందులో సిమెంటు కూరితే వేసవిలో నేలకు సాగే చోటు లేక మధ్యలో పొంగుతుంది. గడప దగ్గర పట్టీ వేయించండి. తలుపు అడుగున ఎంత సందు ఉందో ముందే కొలుచుకోండి.

జిగురు రకమైతే ఒక్క హెచ్చరిక. రబ్బరు జిగురు ఆవిరి నిప్పు అంటుకునే గుణం ఉన్నది. ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు, సిలిండర్ బయట పెట్టాలి, ఫ్రిజ్ ప్లగ్గు తీయాలి, కిటికీలన్నీ తెరిచి ఉంచాలి. నీటితో చేసిన ఆక్రిలిక్ జిగురు దొరికితే అదే వాడించండి. పలకలు వేశాక బరువైన రోలరు తిప్పాలి, చేత్తో అదిమితే చాలదు.

రోజూ నీళ్లతో కడగవచ్చా?

పలకల నేలను కడగకూడదు, తుడవాలి. పలకకు నీళ్లతో ఏమీ కాదు, అతుకుల్లోంచి కిందికి దిగిన నీళ్లు ఆరక వాసన పడుతుంది. బాగా పిండిన గుడ్డతో, బకెట్టు నీళ్లకు కొద్ది చుక్కల గిన్నెల సోపు కలిపి తుడిస్తే చాలు. యాసిడ్, కిరోసిన్, థిన్నర్, ఇనుప పీచు తగలనీయకండి. మైనం పాలిష్ అక్కర్లేదు, జారుతుంది.

గ్యాస్ సిలిండర్, రుబ్బురోలు, ఫ్రిజ్ బరువుకు గుంటలు పడతాయా?

నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. బరువుకన్నా ప్రమాదం దాన్ని అంచు మీద దొర్లించడం. ఆ బరువంతా కింది ఇనుప చుట్టు ఒక్క గీత మీద పడి పలకను గీస్తుంది. తడిలో ఉంచితే తుప్పు వలయం మిగులుతుంది. అందుకే గట్టు కింద రాయి నేలను అలాగే వదిలేయమనేది. సిలిండర్ తెచ్చే అబ్బాయికి పాత గోనెసంచి పరిచి దారి చూపండి.

రుబ్బురోలు, బిగించిన అలమరాలు క్లిక్ నేల మీద పెట్టకూడదు. ఒకచోట మేకు కొట్టినట్టు నేలను పట్టేస్తాయి, మిగతా నేల సాగలేక అతుకు విచ్చుతుంది. ఫ్రిజ్ పెట్టవచ్చు, కాళ్ల కింద వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నెలు ఉండాలి. జరిపేటప్పుడు కింద దళసరి అట్ట వేసి లాగండి.

మా అత్తగారు కత్తిపీట వేసుకుని నేల మీదే కూర్చుని కూరలు తరుగుతారు. గీతలు పడవా?

ఇనుప కాళ్లుంటే పడతాయి. చెక్క పీటకు బిగించినదైతే అడుగున ఫెల్టు ముక్కలు అంటించండి. కూర్చోవడానికి వినైల్ హాయిగా ఉంటుంది, రాయిలా చల్లగా తగలదు.

వేడి గిన్నె కింద పెడితే?

మచ్చ పడుతుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. విజిల్ వచ్చిన కుక్కర్ లోపల దాదాపు 120 డిగ్రీలుంటుంది, అట్ల పెనం అంతకు మించి. దించిన గిన్నెకు గట్టు మీదే చోటు చేయండి, కిందైతే చెక్క పీట. ధూపం నిప్పు, అగరవత్తి రాలినా నల్లటి గుంట పడుతుంది, అది పోదు.

పసుపు మరక?

వెంటనే తుడిస్తే పోతుంది. గంటలు ఆగితే పొర మీద లేత పసుపు మిగులుతుంది. సోపు తగలగానే ఆ మరక ఎర్రగా మారుతుంది, కంగారుపడకండి. సోపులోని క్షారానికి పసుపు గుణం అది, నీళ్లతో తుడిస్తే తగ్గుతుంది. మిగిలినదానికి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన గుడ్డ పావుగంట కప్పి ఉంచండి, ముందు మూల ముక్క మీద చూసుకోండి.

మార్గశిర లక్ష్మివారాల్లో ముగ్గు వేయొచ్చా?

బియ్యప్పిండి ముగ్గు, పిండి నీళ్లతో వేసేది కూడా ఏమీ చేయదు, ఆరాక తడిగుడ్డతో పోతుంది. రంగు పొడులు, కుంకుమ మాత్రం నేరుగా వేయకండి. సుద్దముక్కతో గట్టిగా రుద్దితే గాడుల్లో తెల్లగా నిలుస్తుంది.

సింకు ముందు రబ్బరు మ్యాట్ వేయొచ్చా?

వద్దు. రబ్బరులోని రసాయనం వినైల్‌లోకి దిగి గోధుమ రంగు మచ్చ వేస్తుంది. అది పైన పడ్డ మరక కాదు, లోపలికి ఇంకినది, ఏం పెట్టి తోమినా పోదు. రబ్బరు అడుగున్న ట్రాలీ చక్రాలు, గ్రైండర్ బుష్‌లు కూడా అంతే. నూలు చాప వేయండి.

కొత్త నేల వాసన వస్తుంది. పిల్లలకు హానా?

మెత్తని రకాల్లో పీవీసీని వంచడానికి కలిపే కొన్ని రసాయనాలను థాలేట్లు అంటారు. థాలేట్లు లేనివి అని పెట్టె మీద రాసి ఉన్నవి అడగండి. గట్టి ఎస్పీసీలో ఈ మెత్తపరిచే పదార్థాలు తక్కువ. వేశాక కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచండి. వారాలు గడిచినా ఘాటు తగ్గకపోతే అది చాలాసార్లు జిగురుదే.

తుఫానుకు ఇంట్లోకి నీళ్లొస్తే?

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన ఊళ్లవారు ఇది తప్పక అడుగుతారు. వంశధార పక్కన గుణుపురం, మహేంద్రతనయ పక్కన పర్లాకిమిడి వంటి చోట్ల లోతట్టు ఇళ్లకు ఇది ఉట్టి భయం కాదు. ఎస్పీసీ పలక నీళ్లలో ఉబ్బదు. కానీ కింద బురదనీరు ఉండిపోతుంది. స్కర్టింగు విప్పి, తలుపు దగ్గర నుంచి వరస వరసగా ఊడదీసి, పలక వెనక అంకెలు వేసుకుని, కడిగి నీడలో ఆరబెట్టండి. నేల పూర్తిగా ఆరాక పాలిథీన్ కొత్తది పరిచి మళ్లీ వేయవచ్చు. జిగురు పలకలు, షీటు అయితే లేచినంత మేర పోయినట్టే. ఏటా నీళ్లొచ్చే ఇంటికి ఎస్పీసీ కాకుండా వేరేది వేయకండి.

చెదలు పడతాయా?

వినైల్‌ను తినవు. దాని కింద కనబడకుండా నడిచి చెక్క అలమరాలకు చేరతాయి. వేసే ముందే పగుళ్లలో మందు కొట్టించండి.

విశాఖపట్నంలో కొనాలా, బరంపురంలోనా?

జీఎస్టీ రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, పన్నులో తేడా రాదు. విశాఖలో రకాలు ఎక్కువ. కానీ లారీ కిరాయి, మూలలు విరిగిన పెట్టె మార్చుకోవడం, తక్కువైతే అదే బ్యాచ్ మళ్లీ తెప్పించుకోవడం లెక్కలోకి తీసుకోండి. సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ తెచ్చేవారు పెట్టెలు నిలబెట్టకుండా పడుకోబెట్టి కట్టించాలి. ధర అడిగేటప్పుడు చదరపు అడుగుకు పలక ఒక్కటే కాకుండా పాలిథీన్, స్కర్టింగు, గడప పట్టీ, నేల సమం చేయడం, కూలి అన్నీ కలిపి చెప్పించుకోండి. బిల్లు మీద వేర్ లేయర్ మందం, బ్యాచ్ నంబరు రాయించండి, తరవాత వారంటీ అడగాలంటే ఆ కాగితమే ఆధారం.

ఒక్క పలక పాడైతే నేలంతా మార్చాలా?

అక్కర్లేదు. క్లిక్ రకమైతే దగ్గరి గోడ నుంచి ఆ పలక దాకా వరసలు విప్పి, కొత్తది పెట్టి, తిరిగి బిగిస్తారు. జిగురు రకానికి హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి, మూల నుంచి పుట్టీ కత్తితో లేపి, పాత జిగురు గీకి కొత్త పలక అతికించాలి, ఒక రాత్రి దానిమీద బరువు ఉంచాలి. కొత్త పలక మొదట కాస్త మెరుపుగా కనబడుతుంది. అది కంటికి ఆనకుండా ఉండాలంటే ఫ్రిజ్ కింద ఉన్న పాత పలకను తీసి మధ్యలో వేసి, కొత్తదాన్ని ఫ్రిజ్ కిందికి పంపండి.